మా బడి మీద గురి

మా నగరం మీద బాంబు వేయాలని ప్రపంచంలో ఏ దేశమూ అనుకోవడం లేదన్న సంగతి ఒక సోమవారం పొద్దున పేపర్లో వచ్చింది. అది చదివి సంతోషపడినదాన్ని నగరం మొత్తం మీద నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది.

నాకు భయం ఎక్కువ. స్టవ్ కట్టేసి గల్లీ చివరిదాకా పోయి, కట్టేశానో లేదోనని వెనక్కి వస్తాను. మా శ్రావ్య బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే నా కళ్లకు మొదట లారీ కనిపిస్తుంది, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత చెప్పకూడనివన్నీ కనిపిస్తాయి. ఈలోగా అది ఐస్‌క్రీమ్ చప్పరించుకుంటూ వస్తుంది. "నీకు భయపడనీకి ఏం దొరకకపోతే, ఎందుకు దొరకలేదా అని భయపడ్తవ్" అంటాడు మా ఆయన కనకయ్య.

ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, యుద్ధం మాటలే. ఎక్కడో రెండు దేశాలు ఓడలు ఎదురెదురుగా నిలబెట్టుకున్నాయి. ఇంకెక్కడో మూడో దేశం, ఆ రెండింటికీ బుద్ధి చెబుతానని తన ఓడ కూడా తెచ్చి నిలబెట్టింది. నేను బియ్యం డబ్బా నిండుగా పెట్టుకున్నాను. శ్రావ్య ఆధార్ కార్డును, టీకాల కార్డును ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి తలుపు పక్కన మేకుకు తగిలించాను. అలాంటి నాకు మా నగరం ఎవరికీ పట్టదన్న కబురు చల్లగా తగిలింది.

కార్పొరేషన్ వాళ్లకు మాత్రం అది తలవంపులైంది.

ప్రపంచంలోని గొప్ప నగరాలకు ఏటా వరుస నంబర్లిచ్చే సంస్థ ఒకటి ఉందట. పోయిన ఏడు మాది డెబ్బై ఎనిమిదో నంబరు. ఈ ఏడు తొంభై మూడుకు జారింది. విమానాశ్రయానికి మంచి మార్కులే పడ్డాయి. అద్దాల మేడలకు పడ్డాయి. బిర్యానీకైతే నూటికి నూరు. "అంతర్జాతీయ ఉద్రిక్తతల నడుమ నగరానికి గల ప్రాముఖ్యం" అన్న గడిలో మాత్రం గుండు సున్నా. పెద్ద దేశాలు తమ క్షిపణులు గురిపెట్టుకున్న ఊళ్ల జాబితాల్లో వేటిలోనూ ఈ నగరం పేరు లేదని కింద చిన్న అక్షరాలతో రాశారు.

అత్యవసర సమావేశం పెట్టారు. టీవీలో చూపించారు. కమిషనర్ గారు లేచి, కళ్లజోడు సవరించుకుని ఇలా సెలవిచ్చారు:

"ఇది కోటిమంది ఆత్మగౌరవానికి సంబంధించిన అంశం. మనకంటే చిన్న నగరాల మీద రెండేసి దేశాలు గురిపెట్టి ఉండగా, మన నగరం పట్ల అంతర్జాతీయ సమాజం కనబరుస్తున్న ఉదాసీనతను తీవ్రంగా పరిగణిస్తున్నాం. రాబోయే మార్చి ముప్పై ఒకటి లోగా కనీసం ఒక్క క్షిపణి అయినా మనవైపు తిరిగి ఉండేలా యుద్ధప్రాతిపదికన చర్యలు చేపడతామని హామీ ఇస్తున్నాను."

బల్లలు చరిచారు. ప్రతిపక్షం వాళ్లు మాత్రం లేచి గొడవ చేశారు. ఒక్కటేమిటి, మన స్థాయికి రెండైనా ఉండాలని వాళ్ల డిమాండు.

మరుసటి వారానికల్లా "అంతర్జాతీయ గురి విభాగం" పుట్టింది. దానికొక బోర్డు, ఒక జీపు, నరోత్తమరావు అని ఒక డిప్యూటీ కమిషనర్ ఏర్పాటయ్యారు. శత్రువు వచ్చి వెతుక్కునే శ్రమ లేకుండా, నగరంలో గురిపెట్టడానికి అనువైన చోటు ఒకటి మనమే సిద్ధం చేసి చూపాలన్నది పథకం. ఆ చోటు ప్రభుత్వ స్థలమై ఉండాలి. కోర్టు కేసులు ఉండకూడదు. పైకప్పు చదునుగా ఉండి ఆకాశం నుంచి బాగా కనిపించాలి. ట్రాఫిక్‌కు అంతరాయం కలగకూడదు.

నరోత్తమరావు గారు నగరమంతా గాలించారు. ప్రభుత్వ స్థలాలన్నీ ఎవరో ఒకరు ఆక్రమించుకున్నవే. ఆక్రమించనివి కోర్టులో ఉన్నాయి. రెండూ కానిది ఒక్కటే మిగిలింది. అది మా చింతబావి బస్తీ ప్రభుత్వ ఉన్నత పాఠశాల. మా శ్రావ్య అక్కడే తొమ్మిదో తరగతి.

బడి గోడకు నోటీసు అంటించిన రోజు నేను అన్నం ముట్టలేదు. ఊరంతా వదిలిపెట్టి, వెతికి వెతికి మా పిల్ల నెత్తి మీదికే తెచ్చారు. నేను భయపడిన వాటిలో ఇన్నేళ్లకు ఒకటి సర్కారు ముద్రతో వచ్చింది. నోటీసు చింపి కొంగులో పెట్టుకుని వార్డు ఆఫీసుకు పోయాను.

నరోత్తమరావు గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించారు.

"నా బిడ్డ ఆ బడిల చదువుతది సార్. పిల్లలున్న బడి మీద బాంబు పడేటట్టు చేసుడేంది సార్?"

"అమ్మా, ముందుగా మనం పదజాలం సరిచేసుకోవాలి. అది బాంబు కాదు. 'ప్రతిపాదిత ప్రథమ శ్రేణి అంతర్జాతీయ గురి స్థలం'. పిల్లలున్నారన్న విషయాన్ని ప్రతిపాదనలో అనుకూలాంశంగా చూపించాం. ఖాళీ భవనానికి ఎవరు విలువిస్తారు చెప్పండి?"

"మరి వద్దని రాసిచ్చుకోవచ్చు గద సార్?"

"నిరభ్యంతరంగా రాసివ్వొచ్చు. అభ్యంతరాలు స్వీకరించకుండా ఏ పనీ చేయం. నోటీసులో మూడో పేరా చూడండి."

నేను చదివింది ఏడో తరగతి వరకే. మూడో పేరా నాలుగుసార్లు చదివాను. అభ్యంతరాలు బాధితుల నుంచి మాత్రమే స్వీకరిస్తారట. క్షిపణి పడిన తేదీ నుంచి పదిహేను రోజుల లోగా, బాధితులు స్వయంగా హాజరై, రెండు ఫొటోలతో సమర్పించాలట.

"స్వయంగ రావాల్నా సార్?"

"ప్రతినిధిని పంపితే చెల్లదమ్మా" అన్నారాయన, చాలా బాధపడుతూ. "నిబంధన అలా ఉంది."

పథకం ఊపందుకుంది. బడి డాబా మీద ఎర్ర రంగుతో పెద్ద గుండ్రం గీయాలని, దాని మధ్య నగర చిహ్నం వేయాలని పెయింటర్లను ఎక్కించారు. మొదటి రోజే ఒక పెయింటరు కాలు మోకాలి దాకా స్లాబులో దిగబడి, కింద తొమ్మిదో తరగతి గదిలో తేలింది. లెక్కల సారు పాఠం ఆపి తలెత్తి చూశాడట. "చెప్పులు గూడ మంచియి ఏసుకోలేదమ్మా" అని శ్రావ్య ఇంటికొచ్చి నవ్వింది.

హెడ్మాస్టరు షమీమ్ టీచర్ ఆ స్లాబు గురించి పదకొండేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. ప్రతి అర్జీకీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది. ఈసారి ఇంజినీరు తనంతట తానే పరుగెత్తుకొచ్చి, చుట్టూ తిరిగి, "శత్రువు గురిపెట్టే దాకా ఈ కట్టడం నిలబడుతుందా అన్నదే సందేహాస్పదం" అని రాసిపోయాడు. రెండో రోజుకు మంజూరు. మూడో రోజుకు స్లాబు కింద ఆసరా పెట్టే సెంట్రింగు కర్రలు, ఇసుక, సిమెంటు, మేస్త్రీలు దిగారు. పాత స్లాబు పగలగొట్టి కొత్తది పోస్తారట. షమీమ్ టీచర్ కర్రలను చేత్తో తడిమి చూసుకున్నారు, నిజమైన కర్రలేనా అని.

దాంతో పాటే బస్తీకి వీధి దీపాలొచ్చాయి. గురి స్థలం చూడ్డానికి విదేశీ బృందం వస్తుందని రోడ్డు పోశారు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు రోజూ రావడం మొదలైంది. మా పక్కింటి బాలమణి బిందె నింపుకుంటూ, "గీ బాంబు మా అత్త ఉన్నప్పుడే వచ్చుంటే మంచిగుండు అక్కా. పాపం, నీళ్ల కోసం మెయిన్ రోడ్డు దాంక నడిచి నడిచి పోయింది ముసల్ది" అంది.

"బాలమణీ, అది మన పిల్లల మీద పడ్తదే!"

"పడ్తె జూద్దాం. ఇప్పటికైతే నల్లా పడ్తున్నది."

ఎవరూ నా మాట వినలేదు. కనకయ్య కూడా కొత్త లైటు కింద మంచం వేసుకుని పేపరు చదువుతున్నాడు. అప్పుడు నాకొక దారి తోచింది.

నేను స్వర్ణశిఖర విల్లాల్లో వసుంధరా మేడం ఇంట్లో వంట చేస్తాను. మేడం ఆ విల్లాల సంఘానికి అధ్యక్షురాలు. మా బస్తీకి, ఆ విల్లాలకు మధ్య ఒక కొండే అడ్డం. మా బస్తీకి మంజూరైన పార్కు ఆ కొండ ఎక్కి అవతలికి పోయింది. ఆ తర్వాత లైబ్రరీ పోయింది. బస్సు షెల్టరు కూడా పోయింది. అక్కడ బస్సెక్కేవాళ్లు ఎవరూ లేరు, అయినా పోయింది. మాకు ఏది మంజూరైనా అది కొన్నాళ్లు మా దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, అటు ఎక్కిపోవడం మాకు అలవాటే. క్షిపణి మాత్రం ఎందుకు పోదు?

మర్నాడు పెసరట్టు తిరగేస్తుంటే మేడమే కదిలించారు.

"ఏమే అండాలూ, మీ బస్తీ పేరు పేపర్లో పడిందటగా?"

"అవునమ్మా. పెద్ద పెద్ద దేశాల దగ్గర మా బడి పటం ఉంటదట. వాళ్ల రాజులు పొద్దుగాల లేస్తనే సూస్తరట."

"ఊఁ."

"ముందుగల మీ దిక్కే పెడదామనుకున్నరటమ్మా. కానీ ఈ ఏరియాకు అంత స్థాయి లేదన్నరట సార్లు."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు పెసరట్టు తిరగేసినంత తేలిగ్గా వచ్చింది. మేడం చేతిలో పెసరట్టు ముక్క చట్నీలోనే ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"ఎవరో సారమ్మా. మాకేం తెలుస్తది."

మేడం చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీశారు. మధ్యాహ్నానికి క్లబ్‌హౌస్‌లో సంఘం కూర్చుంది. నేను టీ పంచుతూ విన్నాను. విదేశాల్లో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దాయన ముఖం ఎర్రబడింది. "నేను ఇరవై ఏడు దేశాలు తిరిగాను. అన్ని చోట్లా నాకు తెలిసినవాళ్లున్నారు. శత్రువుకు మనం తెలియకపోవడమేమిటి?" అన్నాడు. ఇంకొకావిడ, "మా డాబా మీద ఈతకొలను ఉంది. వాళ్ల బడి మీద ఏముందండీ? పావురాలు!" అంది. "ప్రశ్న ఈతకొలనుది కాదు" అని వసుంధరా మేడం గంభీరంగా అన్నారు. "పన్ను కట్టేది మనం. ముందు వరసలో కూర్చునేది వాళ్లా?"

గురువారానికి ఉత్తర్వు వచ్చింది. పరిపాలనా సౌలభ్యాన్ని, నగర ప్రతిష్ఠను దృష్టిలో ఉంచుకుని గురి స్థలాన్ని స్వర్ణశిఖర క్లబ్‌హౌస్‌కు తరలించడమైనది.

ఆ సాయంత్రం నేను గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాను. ఇంటికొచ్చి ప్లాస్టిక్ సంచి మేకు మీది నుంచి తీసేశాను. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను. వంటకు పోయినంతసేపు ఇక నా నెత్తి మీదే గురి ఉంటుందని తోచింది కానీ, పోతే నేను పోతాను, పిల్ల బతుకుతుంది కదా అని సర్దుకున్నాను.

శుక్రవారం లారీ వచ్చింది. సెంట్రింగు కర్రలు ఒక్కొక్కటీ లాగి లారీకెక్కించారు. మిగిలిన సిమెంటు సంచులు ఎక్కించారు. మేస్త్రీలు కూడా ఎక్కారు. స్లాబు అప్పటికి సగం పగలగొట్టి ఉంది. ఇనుప చువ్వలు బయటపడి, తుప్పు పట్టి వేలాడుతున్నాయి. షమీమ్ టీచర్ లారీకి అడ్డం నిలబడి, "బాబూ, కనీసం కర్రలైనా ఉంచండి. పిల్లలు లోపల కూర్చుంటారు" అని బతిమాలారు. డ్రైవరు, "ఇది గురి పద్దుల కర్ర మేడం. గురి ఎటు పోతె గటే పోవాలె" అన్నాడు.

దీపాల్లో బల్బులు కూడా అటే పోయాయి. నల్లా మళ్లీ రోజు విడిచి రోజుకు వచ్చింది. వంటింట్లో నా మాటలు విన్న మేడం కారు డ్రైవరు నోరు జారడంతో ఇదంతా నా పని అని బస్తీలో తెలిసిపోయింది. బాలమణి ఖాళీ బిందె నా గుమ్మం ముందు పెట్టి నిలబడింది.

"మనకు జన్మల ఒక్కటొచ్చింది అక్కా. అది గూడ తీస్కపోయి పెద్దోళ్లకు ఇచ్చొచ్చినవ్."

"నా బిడ్డ కోసమే బాలమణీ..."

"నా బిడ్డ గూడ అదే క్లాసుల ఉన్నది" అని బిందె తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి వారం రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు శ్రావ్య తలలో సున్నం పొడితో ఇంటికొచ్చింది. వాకిట్లోనే చెప్పులు విడుస్తూ చెప్పింది.

"అమ్మా, ఏదో ఒకటి మీద పడ్తదని నువ్వెప్పుడు అంటుంటవ్ గదా? ఇయ్యాల పడ్డది. ప్రార్థనల ఉన్నం గాబట్టి ఎవ్వలం లేకుంటిమి."

"ఎక్కడనే?"

"మూడో బెంచీ మీద."

"నువ్వు కూసునేది యాడ?"

శ్రావ్య తల దులుపుకుంటూ కాళ్లు కడుక్కోవడానికి పోయింది.

బడి మాన్పిద్దామని కనకయ్య అన్నాడు. ఎన్ని రోజులు మాన్పిస్తాం? వచ్చే ఏడు పదో తరగతి. ఇంకో సర్కారు బడికి పోవాలంటే రెండు పెద్ద రోడ్లు దాటాలి. నాకు లారీ కనిపించింది, అంబులెన్సు కనిపించింది. అప్పుడు మొదటిసారి నా భయాలన్నిటినీ వరుసగా నిలబెట్టి, ఏది ముందు పడుతుందా అని చూశాను. క్షిపణి అన్నిటికన్నా వెనక, ఎక్కడో చివర నిలబడి ఉంది. దాని ముందు అంతా సముద్రమే.

వెంటనే పోయి బాలమణి తలుపు కొట్టాను. ఆమె చెప్పులు వేసుకుని నాతో వచ్చింది. ఇంటింటికీ తిరిగాం. మర్నాడు పదకొండు గంటలకల్లా ముప్పైమంది తల్లులం వార్డు ఆఫీసు ముందు కూర్చున్నాం. అట్ట మీద బొగ్గుతో రాసిన అక్షరాలు నావే: "మా గురి మాకు ఇయ్యండి."

నరోత్తమరావు గారు బయటికి వచ్చి అట్ట చదివి, నావైపు చూశారు.

"అమ్మా, వద్దని వచ్చింది కూడా మీరే కదా?"

"నేనే సార్. తెల్వక వద్దన్న. ఆ క్షిపణికి, నా బిడ్డకు నడుమ ఏడు సముద్రాలున్నయి. నడుమ ఎన్ని ఊర్లున్నయో, ఎంతమంది తల్లులున్నరో, ఎవరో ఒకరు ఆపకపోతరా. ఈ స్లాబుకు, నా బిడ్డకు నడుమ మీ సంతకం ఒక్కటే ఉన్నది సార్."

ఆయన మంచివారే. లోపలికి పిలిచి ఫైలు తెప్పించి, పేజీలన్నీ తిప్పి చూపించారు.

"చూడండి. స్లాబు మరమ్మతుకు విడిగా మంజూరు లేదు. అది గురికి అనుబంధ పని. గురి ఉంటేనే స్లాబు. పోనీ గురిని వెనక్కి తెద్దామంటే, ఒకసారి తరలించిన గురిని పునరుద్ధరించడానికి స్థానిక ప్రజల విజ్ఞప్తి చాలదు."

"మరెవరి విజ్ఞప్తి గావాలె సార్?"

"శత్రుదేశానిది. లిఖితపూర్వకంగా ఉండాలి. 'మాకు ఫలానా పాఠశాల మీదే గురిపెట్టాలని ఆసక్తి ఉంది' అని వాళ్ల అధికారి సంతకంతో ఒక్క కాగితం వస్తే, వారంలో నేను స్లాబు పోయిస్తాను. నాది హామీ."

"ఏ శత్రుదేశం సార్?"

"అది మా పరిధిలోకి రాదమ్మా" అన్నారు నరోత్తమరావు గారు.

ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాం. షమీమ్ టీచర్ బడి నుంచి గీతల కాగితం, పెన్ను పంపించారు. అందరిలోకి నా చేతిరాతే నయమని బాలమణి కాగితం నా ఒళ్లో పెట్టింది. ఒకరొక మాట అందించారు, ఒకరు వద్దని కొట్టివేయించారు. చివరికి ఇలా తేలింది:

"శత్రుదేశపు పెద్ద సైన్యాధికారి గారికి, చింతబావి బస్తీ తల్లులు నమస్కరించి రాయునది. అయ్యా, ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు, మీ పిల్లలు క్షేమమని తలుస్తాము. మీరు మా ఊరి మీద గురిపెట్టే పని ఉంటే దయచేసి మా బడి మీదనే పెట్టగలరు. కొండ అవతలివాళ్లు అడుగుతారు, వాళ్ల మాట వినకండి, వాళ్లకు స్లాబు గట్టిగానే ఉన్నది. పిల్లలు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా లోపల ఉంటారు. ఆదివారం, రెండో శనివారం సెలవు. ఎండాకాలం ఒంటిపూట బడి. ఇది మీరు బాగా గుర్తుంచుకోవాలె. మీకు కూడా చాలా పనులుంటాయి, అంత దూరం నుంచి వేయడం ఖర్చు. వేయకపోయినా మేము ఏమీ అనుకోము. వేస్తామని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి పంపండి, చాలు. మా సార్లు స్లాబు వేస్తారు."